మొదటి సఫారీకి ఏ అడవి? తడోబా, కాన్హా, కాజీరంగా, కబిని: ఎవరికి ఏది నప్పుతుంది

"పులిని చూడాలి, ఏ పార్క్‌కి వెళ్ళమంటారు?" అని ఎవరడిగినా నేను ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. ఎవరెవరు వెళ్తున్నారు, ఏ నెలలో, ఎన్ని రోజులు? ఇవి తెలియకుండా పార్క్ పేరు చెప్పేయడం రోగం ఏమిటో అడక్కుండా మందు రాసిచ్చినట్టే. ఎనిమిదేళ్ళ పిల్లవాడికి నచ్చే అడవి వేరు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి సరిపోయే అడవి వేరు, కెమెరా పట్టుకుని నాలుగు రోజులు దుమ్ములో కూర్చోగలిగేవాళ్ళ అడవి వేరు.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. చాలామంది నెట్‌లో పులుల లెక్కలు చూసి, ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడికి టికెట్లు తీసుకుంటారు. 2022 లెక్కల ప్రకారం నాగరహొళెలో (కబిని ఈ అడవి అంచునే ఉంది) 141, కాన్హాలో 105, కాజీరంగాలో 104, తడోబాలో 97 పులులున్నాయి. అంటే ఈ నాలుగింటిలో తడోబా ఆఖరిది. కానీ జీపులో కూర్చున్న మనిషికి పులి కనపడే అవకాశం ఎక్కువ ఎక్కడంటే తడోబాలోనే, తక్కువ ఎక్కడంటే కాజీరంగాలో! కాజీరంగాలో ఏనుగు గడ్డి జీపు కంటే ఎత్తు పెరుగుతుంది, పులి మనకి పది అడుగుల దూరంలో పడుకుని ఉన్నా తెలియదు. అందుకే ఎన్ని జంతువులున్నాయో కాదు, మన కంటికి ఎన్ని ఆనుతాయో చూసుకోవాలి. అది అడవి రకాన్ని బట్టి, వెళ్ళే నెలని బట్టి మారిపోతుంది. నేను ఈ నాలుగింటినీ ఆ లెక్కలోనే చూస్తాను.

ముందు తడోబా, ఎందుకంటే మనకి దగ్గర. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా, మన ఆసిఫాబాద్ అడవులు దాటితే వచ్చేదే. అక్కడి పులులు ప్రాణహిత దాటి కాగజ్‌నగర్ వైపు నడిచి వస్తూనే ఉంటాయి, మనం రైలెక్కి అటు వెళ్తాం, అంతే తేడా. కాజీపేట మీదుగా నాగ్‌పూర్ వెళ్ళే లైన్లో బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లు వస్తాయి. హైదరాబాద్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దిగొచ్చు, అక్కడి నుంచి మోహర్లీ గేటు కారులో గంట లోపే. విమానం ఖర్చు లేదు, కనెక్షన్ల టెన్షన్ లేదు. సెలవులు తక్కువ ఉన్న ఉద్యోగస్తులు శుక్రవారం రాత్రి బయల్దేరి సోమవారం పొద్దున్న ఆఫీసులో ఉండొచ్చు.

అడవి టేకు, వెదురు. ఇప్ప, తునికి, తెల్లగా మెరిసే తపసి చెట్లు మన అడవుల్లో ఉన్నట్టే ఉంటాయి. ఫిబ్రవరి తర్వాత టేకు ఆకు రాల్చేస్తుంది, దాంతో లోపలికి చాలా దూరం చూపు ఆనుతుంది. ఏప్రిల్, మే వచ్చేసరికి నీళ్ళు నాలుగైదు చెరువుల్లో, అటవీశాఖ నింపే గుంటల్లో తప్ప ఉండవు కాబట్టి జంతువులన్నీ అక్కడికే చేరాలి. పులి చాలా పిల్లి జాతుల్లాగా కాదు, దానికి నీళ్ళంటే ఇష్టం, మధ్యాహ్నం ఎండకి వెనక్కి నడుచుకుంటూ వచ్చి, తోక ముందు పెట్టి, నడుం దాకా నీళ్ళలో కూర్చుంటుంది. ఆ కూర్చునే పద్ధతి చూడటానికే నేను రెండుసార్లు మేలో వెళ్ళాను. అయితే చంద్రపూర్ ఎండ మామూలు ఎండ కాదు, మేలో 45 డిగ్రీలు దాటడం అక్కడ వింతేమీ కాదు, పైన కప్పు లేని జిప్సీలో సాయంత్రం సఫారీ అంటే మొదటి గంటన్నర పొయ్యి మీద కూర్చున్నట్టే ఉంటుంది. చిన్నపిల్లల్ని, బీపీ ఉన్న పెద్దవాళ్ళని మేలో తీసుకెళ్ళకండి. వాళ్ళు ఉంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి మార్చి మధ్య వరకు వెళ్ళండి, పులి అవకాశం కాస్త తగ్గినా మనుషులు బాగుంటారు.

తడోబాలో కోర్, బఫర్ అని రెండు ఉంటాయి, కొత్తవాళ్ళు ఇక్కడే గందరగోళపడతారు. కోర్ అంటే లోపలి అడవి, ఊళ్ళు లేని భాగం. బఫర్ అంటే దాని చుట్టూ ఉన్న, ఊళ్ళూ పొలాలూ కలిసిన అడవి. కోర్ టికెట్ దొరకలేదని ట్రిప్ మానుకున్నవాళ్ళని చూశాను, అది అనవసరం. పులికి కోర్ ఎక్కడ అయిపోతుందో తెలియదు కదా. అగర్‌జరీ, దేవాడా, జునోనా లాంటి బఫర్ గేట్లలో కూడా పులులు బాగానే కనపడతాయి, ఖర్చు తక్కువ, జిప్సీల రద్దీ కూడా ఒక్కోసారి తక్కువ. నా సలహా: నాలుగు సఫారీలు చేస్తే రెండు కోర్‌లో, రెండు బఫర్‌లో పెట్టుకోండి. మంగళవారం తడోబాకి సెలవు, ఇది మర్చిపోయి సోమవారం రాత్రి దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వానాకాలం జులై నుంచి సెప్టెంబర్ వరకు కోర్ మూసేస్తారు. ఫోన్లు కోర్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, కాబట్టి ఫోటోలు కావాలంటే కెమెరా ఉండాల్సిందే. లేదంటే కళ్ళతో చూసి రండి, నిజం చెప్పాలంటే మొదటిసారికి అదే మేలు.

ఇక కాన్హా. ఇది వేరే లోకం. మధ్యప్రదేశ్‌లోని మండ్లా, బాలాఘాట్ జిల్లాల్లో ఉంది, 1955లో నేషనల్ పార్క్ అయింది, 1973లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైనప్పుడు మొదటి తొమ్మిదింటిలో ఒకటి. కోర్ ఒక్కటే 940 చదరపు కిలోమీటర్లు. సాల చెట్ల అడవి ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, మధ్యమధ్య పెద్ద పెద్ద గడ్డి మైదానాలు. ఆ మైదానాల్లో చాలావరకు ఒకప్పుడు గోండు, బైగా గిరిజనులు వ్యవసాయం చేసుకున్న ఊళ్ళ పొలాలే. వాళ్ళని ఖాళీ చేయించాక అక్కడ గడ్డి పెరిగింది, మనం జీపులోంచి చూసి ఎంత అందంగా ఉందో అనుకునే చోట ఒకప్పుడు ఎవరిదో ఇల్లుండేది. గైడ్లలో ఆ కుటుంబాలవాళ్ళు కూడా ఉంటారు, మర్యాదగా అడిగితే ఏ గట్టు మీద ఏ ఊరుండేదో చెబుతారు.

ఆ గడ్డి లేకపోతే బారాసింగా అనే పెద్ద కొమ్ముల జింక లేదు. గట్టి నేల మీద బతికే ఈ రకం బారాసింగాలు ఒక దశలో ప్రపంచం మొత్తంలో కాన్హాలో మాత్రమే మిగిలాయి, 1970లో వాటి లెక్క 66! గడ్డి తప్ప దాదాపు ఏమీ తినని జంతువు కాబట్టి మైదానాలు తగ్గితే అదీ తగ్గిపోయింది. మైదానాలు పెంచి, కంచె వేసి పిల్లల్ని కాపాడి, దాన్ని నిలబెట్టుకొచ్చారు, ఇప్పుడు వెయ్యి దాటాయి, సాత్పురా అడవికి కూడా కొన్నిటిని పంపారు. డిసెంబర్, జనవరిలో వెళ్తే మగవి జతకట్టే కాలం. పొద్దున్నే మంచులో ఒక మగ బారాసింగా గడ్డిలో కొమ్ములు దూర్చి, తల విదిలించి, పొడుగు గడ్డి పోచలు కొమ్ముల నిండా వేలాడుతుండగా తల ఎత్తి అరిచింది, నోటి నుంచి ఆవిరి. పక్కన జిప్సీలో ఉన్నవాళ్ళు "టైగర్ కిధర్ హై?" అంటూ అటు చూడకుండానే వెళ్ళిపోయారు. నాకు ఇప్పటికీ బాధే.

కాన్హాలో పులి కనపడదని కాదు, బాగానే కనపడుతుంది. కానీ అడవి పెద్దది, దట్టమైనది, పులికి దాక్కోవడానికి చోటు ఎక్కువ. రెండు సఫారీలతో తేల్చేద్దాం అనుకుంటే తడోబాయే నయం. కాన్హాకి కనీసం నాలుగు సఫారీలు, కుదిరితే ఆరు. నాగ్‌పూర్ నుంచి రోడ్డు మీద అయిదారు గంటలు, జబల్‌పూర్ నుంచి కాస్త తక్కువ, అంటే వెళ్ళడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు పోతుంది. ఖటియా, ముక్కి, సర్హి గేట్లున్నాయి, నాకు ముక్కి వైపు నచ్చుతుంది, కొంచెం ప్రశాంతంగా ఉంటుంది. మధ్యప్రదేశ్ పార్కుల్లో బుధవారం సాయంత్రం సఫారీ ఉండదు, బుకింగ్ చేసేటప్పుడు ఆ పూట చూసుకోండి. చలికాలం తెల్లవారుజామున చలి మనవాళ్ళు ఊహించేలా ఉండదు, మైదానాల మీద తెల్లగా మంచు పేరుకుంటుంది, ఓపెన్ జీపు కదిలితే ఆ గాలి ఎముకల్లోకి దిగుతుంది. మంకీ క్యాప్, గ్లోవ్స్, లోపల రెండు పొరల బట్టలు, పైన స్వెటర్, దాని మీద జాకెట్. తొమ్మిదింటికల్లా అన్నీ ఒక్కొక్కటిగా విప్పేస్తారు, పర్వాలేదు.

పిల్లలు, పెద్దవాళ్ళు, మొదటిసారి వెళ్ళేవాళ్ళు అందరూ కలిసిన కుటుంబం, విమాన ఖర్చు భరించగలం అంటే మాత్రం నేను మొదటి రెండింటినీ పక్కనపెట్టి అస్సాంలోని కాజీరంగా అంటాను. కారణం ఒక్కటే: అక్కడ ఖాళీ సఫారీ అనేది ఉండదు. తడోబాలో పులి కనపడని మూడు గంటలు ఎనిమిదేళ్ళ పిల్లాడికి మూడు రోజులు. కాజీరంగాలో గేటు దాటిన పది నిమిషాల్లో ఖడ్గమృగం కనపడుతుంది, ఒకటి కాదు, నాలుగైదు. 2022 లెక్కలో అక్కడ 2,613 ఖడ్గమృగాలున్నాయి. వాటితో పాటు అడవి ఏనుగుల మందలు, అడవి గేదెలు, చిత్తడి నేలల బారాసింగాలు, బీల్ అని పిలిచే చెరువుల నిండా పక్షులు. పులులు కూడా ఉన్నాయి, గడ్డిలో. కనపడితే అదృష్టం, కనపడకపోయినా రోజు వృథా కాదు.

దగ్గర నుంచి ఖడ్గమృగాన్ని చూడటం అనేది ఫోటోలో చూసినట్టు ఉండదు. అది గడ్డి కొరుకుతుంటే ఆ చప్పుడు జీపులోకి వినిపిస్తుంది, కట్టె విరిచినట్టు కాదు, తడి గుడ్డ చించినట్టు. చర్మం మడతల్లో బురద ఎండి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంటుంది, వీపు మీద మైనాలు వాటిని పొడుస్తూ నడుస్తుంటాయి. చెవులు మాత్రం దేని దారిన అది తిరుగుతూనే ఉంటాయి. రోడ్డు పక్కన ఒకేచోట ఎత్తుగా పేడకుప్ప కనపడితే అది ఖడ్గమృగాల ఉమ్మడి జాగా, వేర్వేరు జంతువులు ఒకే కుప్ప దగ్గరికి వచ్చి పేడ వేస్తాయి, ఎవరు వచ్చి వెళ్ళారో ఆ వాసనతో తెలుసుకుంటాయి. మా అక్క కూతురు ఇంటికొచ్చాక రెండు నెలలు అందరికీ ఆ పేడకుప్ప గురించే చెప్పింది, ఏనుగుల గురించి కాదు.

నెల చాలా ముఖ్యం. బ్రహ్మపుత్ర వరద వల్ల వానాకాలం అంతా పార్క్ మూసేస్తారు, మామూలుగా అక్టోబర్, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తెరిచి ఉంటుంది. కానీ నవంబర్‌లో గడ్డి నిండుగా ఉంటుంది. జనవరి, ఫిబ్రవరిలో అటవీశాఖ గడ్డిని విడతలవారీగా కాలుస్తుంది, తర్వాత లేత చిగుళ్ళు వస్తాయి, వాటి కోసం జంతువులు బయటికి వస్తాయి, చూపు కూడా తెరుచుకుంటుంది. కాబట్టి ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి ఆఖరు వరకు నా ఓటు. నాలుగు రేంజ్‌లలో బాగోరి వైపు ఖడ్గమృగాలు దగ్గరగా, ఎక్కువగా కనపడతాయి, కొహోరా మధ్యలో ఉంటుంది కాబట్టి అన్నీ దొరుకుతాయి, అగరటోలి పక్షుల కోసం. మూడూ ఒక్కో పూట చేస్తే చాలు. అస్సాంలో చీకటి చాలా త్వరగా పడుతుంది, డిసెంబర్‌లో నాలుగున్నరకే సూర్యుడు దిగిపోతాడు, అందుకే సాయంత్రం సఫారీ మధ్యాహ్నమే మొదలవుతుంది. భోజనం తొందరగా పెట్టమని ముందే చెప్పుకోండి. గువాహటిలో దిగితే నాలుగైదు గంటల రోడ్డు, జోర్హాట్‌లో దిగితే దాదాపు రెండు గంటలు, విమానం కుదిరితే జోర్హాట్ చూడండి. ఏనుగు మీద కూర్చుని తిరిగే సఫారీ కూడా ఉంది, నేను చేయను, చేయమని చెప్పను. మనుషుల్ని మోయడం కోసం ఏనుగుని లొంగదీసే పద్ధతి తెలిశాక నాకు మనసొప్పలేదు. జీపులోంచి కనపడనిది అక్కడ పెద్దగా ఏమీ లేదు.

కబిని గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది తేలిగ్గా తేలిపోయే ఎంపిక. కర్ణాటకలో నాగరహొళె అడవి అంచు, మైసూరు నుంచి రెండు గంటల లోపు. ఇక్కడి ప్రత్యేకత ఏనుగులు. 1974లో కట్టిన కబిని డ్యామ్ నీళ్ళు ఎండాకాలంలో వెనక్కి తగ్గుతాయి, తేలిన నేల మీద పచ్చగడ్డి మొలుస్తుంది, చుట్టుపక్కల బండీపూర్, ముదుమలై, వయనాడ్ అడవులు ఎండిపోయి ఉంటాయి కాబట్టి ఏనుగులు మందలు మందలుగా ఆ ఒడ్డుకి దిగుతాయి. మార్చి నుంచి మే వరకు పడవలో కూర్చుని ఒడ్డున యాభై అరవై ఏనుగుల్ని ఒకేసారి చూడొచ్చు, పిల్ల ఏనుగులు బురదలో జారుతుంటే తల్లులు తొండంతో లేపుతుంటాయి. మోకాళ్ళ నొప్పులు, నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్ళకి గతుకుల జీపు కంటే ఈ పడవ ఎంతో హాయి. లోటేమిటంటే ఇక్కడ మన ఇష్టం వచ్చినట్టు జిప్సీ మాట్లాడుకోవడం కుదరదు, ప్రభుత్వ సంస్థల వాహనాల్లోనే వెళ్ళాలి, బస, సఫారీ కలిపి ప్యాకేజీగా తీసుకుంటే జేబుకి బాగానే తగులుతుంది. బడ్జెట్ ట్రిప్ అయితే కబిని వద్దు. ఇంకో జాగ్రత్త: మనుషుల మీద పులుల దాడులు జరిగాక 2025 నవంబర్‌లో బండీపూర్, నాగరహొళెల్లో సఫారీలు ఆపేశారు. కాబట్టి డబ్బు కట్టే ముందు సఫారీలు నడుస్తున్నాయో లేదో ఫోన్ చేసి కనుక్కోండి, పాత రివ్యూలు నమ్మకండి.

మరి మన నల్లమల ఉండగా ఇంత దూరం ఎందుకు అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వ్ విస్తీర్ణంలో దేశంలోనే పెద్దది, తెలంగాణ వైపు అమ్రాబాద్ కూడా చాలా పెద్దది, పులులున్నాయి, పెరుగుతున్నాయి. కానీ లోయలు, కొండలు, సఫారీ దారులు తక్కువ, చూపు ఆనడం కష్టం. అక్కడికి పులి కోసం వెళ్తే నిరాశపడతారు. మన్ననూరు నుంచి ఫర్హాబాద్ వైపు చెంచు గైడ్‌తో ఒక పొద్దున్న తిరగండి, ఏ చెట్టు జిగురు దేనికి, ఎలుగుబంటి పుట్టని ఎలా తవ్వింది, కణుజు (సాంబార్ జింక) ఎక్కడ నీళ్ళు తాగింది, అవన్నీ ఆయన చూపిస్తుంటే అడవిని చదవడం వస్తుంది. తర్వాత తడోబా వెళ్తే మీరు చూసే చూపే వేరుగా ఉంటుంది. ఒక్క రోజు సెలవుంటే ఇదే చేయండి.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి. నా మొదటి తడోబా ట్రిప్‌లో ఖర్చంతా రిసార్ట్ మీద పెట్టాను, స్విమ్మింగ్ పూల్ ఉన్నది, సఫారీలు మాత్రం రెండే. డిసెంబర్. పులి తోక కూడా కనపడలేదు. మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మామూలు గది తీసుకుని, మిగిలిన డబ్బుతో అయిదు సఫారీలు చేశాను, మూడింటిలో పులి. పొద్దున్న నాలుగున్నరకి లేచి, మధ్యాహ్నం మళ్ళీ బయల్దేరి, రాత్రి తొమ్మిదికల్లా నిద్రలోకి పడిపోయేవాళ్ళకి పూల్‌తో పనేముంది? గది శుభ్రంగా ఉంటే చాలు, గేటుకి దగ్గరగా ఉంటే ఇంకా మేలు, ఎందుకంటే పొద్దున్న అరగంట నిద్ర కలిసొస్తుంది.

సఫారీ టికెట్లు ప్రభుత్వ సైట్లో నెలల ముందే బుక్ చేసుకోవాలి, ముఖ్యంగా సెలవుల సీజన్‌కి, వారాంతాలకి. ముందు సఫారీ టికెట్ చూసుకుని తర్వాత రైలు, గది. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. బుకింగ్‌లో ఇచ్చిన ఐడీ కార్డు ఒరిజినల్ వెంట ఉండాలి. ఒక పార్క్ గేటు దగ్గర మా బావమరిది ఆధార్ జిరాక్స్ మాత్రమే తెచ్చానని చెప్పాడు, లోపలికి పంపలేదు, మేము తిరిగొచ్చేదాకా మూడున్నర గంటలు టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు. ఆ పూటే పులి కనపడింది, ఇంటికొచ్చాక కూడా ఆ విషయం ఎవరం ఎత్తలేదు.

జిప్సీలో ఆరుగురు పడతారు. మీరు ముగ్గురే ఉంటే మిగతా సీట్లకి వేరేవాళ్ళని కలుపుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ మాట్లాడుతూనే ఉండేవాళ్ళు పడితే ఆ పూట పోయినట్టే. పెద్ద క్యాంటర్ బస్సులు చవక, అయితే ఎత్తు, చప్పుడు రెండూ ఎక్కువే, ఇరుకు దారుల్లోకి వెళ్ళలేవు. తప్పనిసరైతే తప్ప వద్దంటాను.

లోపలికి వెళ్ళాక డ్రైవర్‌ని "పులి ఎక్కడ, పులి ఎక్కడ" అని తొందరపెట్టకండి. ఇంజన్ ఆపి వినమని అడగండి. కొండముచ్చు చెట్టు మీంచి ఖర్రుమని దగ్గుతుంది, చుక్కల దుప్పి కీచుగా కూస్తుంది. ఈ రెండూ ఒక్కోసారి ఉత్తినే భయపడతాయి, చిరుతని చూసినా కూస్తాయి. కానీ కణుజు పిలిచిందంటే, ఖాళీ డబ్బా మీద కర్రతో కొట్టినట్టు "ఢాంక్" మని ఒక్క చప్పుడు, అప్పుడు గైడ్ మెడ చటుక్కున తిరుగుతుంది. కణుజు ఊరికే పిలవదు. ఆ చప్పుడు వచ్చిన వైపు తల తిప్పి, నోరు మూసుకుని, కనీసం ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. మిగతా జీపులు ఓపిక చాలక ఒక్కొక్కటే వెళ్ళిపోతాయి, మీరు మాత్రం వెళ్ళకండి.